డాల్టన్ సిస్టరమ్మ ఇంగ్లీషు

మా లీలమ్మ తెల్ల గౌను తొడుక్కుని మొదటిసారి వార్డులోకి నడిచిన రోజు అందరూ నన్ను చూసి నవ్వారు, నీ బిడ్డ నర్సమ్మ అయిందని. నాకు నవ్వు రాలేదు. గౌను మరీ తెల్లగా ఉంది, దాని మీద ఏ మరక పడినా దూరం నుంచి కనిపిస్తుంది అనుకున్నాను. నా మనసు ఎప్పుడూ అట్లాగే పోతుంది. పొయ్యి మీద పాలు పెడితే పొంగకముందే నాకు మాడిన వాసన వస్తుంది.

మక్తల్ నుంచి కృష్ణ వైపు పోయే బాటలో ఉండేది ఆ మిషన్ దవాఖాన. నేను అందులో ఆయాను. నేలలు కడగడం, బక్కెట్లు పారబోయడం, దుప్పట్లు ఉడకబెట్టడం నా పని. బాప్తిస్మంలో నాకు పెట్టిన పేరు మార్త, అయినా అందరూ మారెమ్మ అనే పిలిచేవారు. అయిదో తరగతి దాకా చదివాను, బైబిలు చదువుకోగలను. లీలమ్మ మిషన్ బోర్డింగులో ఎనిమిది దాకా చదివి, పోలీసు యాక్షన్ అయిన పదేళ్ళకు, ఆ ఎండాకాలంలో నర్సు ట్రైనింగులో చేరింది. చేర్చుకున్న పెద్ద డాక్టరమ్మకు తెలుగు మనకు వచ్చినట్టే వచ్చేది. "ఏం మారెమ్మా, మోకాళ్ళు గుంజుతున్నయా?" అని అడిగేది. పిల్ల చేరిన వెంటనే ఆమె సెలవు మీద వాళ్ళ దేశం పోయింది. నర్సుల మీద పెద్దగా కొత్తగా ఒక దొరసాని వచ్చింది. పేరు డాల్టన్. సన్నగా, పొడుగ్గా, మా ఎండకు ముక్కు కాలి ఎర్రగా ఉండేది. ఒక్క తెలుగు మాట రాదు. డాక్టరు దొర రెండు దవాఖానలకు తిరిగేవాడు కాబట్టి చాలా రోజులు ఆమె చెప్పిందే చెప్పడం.

మొదటి రోజు పొద్దున ఆమె వార్డంతా తిరిగి, గుమ్మం దగ్గర ఆగి, "క్యారీ ఆన్, గర్ల్స్" అని వెళ్ళిపోయింది. లీలమ్మ చేతిలో ఎనామిల్ బేసిను ఉంది. క్యారీ అంటే మోయడం అని బోర్డింగులో చెప్పారు. ఆన్ అంటే మీద. దేని మీద మోయాలో తెలియక నా బిడ్డ బేసిను పైకెత్తి పట్టుకుని స్తంభంలా నిలబడింది.

కాంపౌండరు ఐలేశం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నెత్తి మీద పెట్టుకుంటవా ఏంది బిడ్డా? చేస్తున్న పని చేసుకుంట పొమ్మన్నది, గంతే."

"గంత మాటకు మోసుడెందుకొచ్చింది మామా?"

"నన్నడిగితే? వాళ్ళ నోట్లె పుట్టింది గట్ల."

లీలమ్మకు ఇంగ్లీషు రాదని కాదు. పుస్తకంలో ఇంగ్లీషు చదివి అర్థం చెప్పేది. కానీ డాల్టన్ సిస్టరమ్మ నోట్లో ఆ పుస్తకం మాటలు లేవు. ఆమె మాటలన్నీ చిన్నచిన్నవే. పుట్, గెట్, టర్న్, గివ్. నాలాంటిదానికి కూడా విడివిడిగా తెలిసినవే. వాటి వెనక అప్ అనో, ఆఫ్ అనో, అవుట్ అనో ఒక తోక తగిలించేది. తోక తగలగానే మాట ఇంకెటో పోయేది. పెద్ద మాటయితే అర్థం అడగవచ్చు. ఇంత చిన్న మాటలు తెలియవని ఏ ముఖంతో అడుగుతారు?

ఆడపిల్లలందరూ ఒకటే పద్ధతి పట్టారు. ఆమె ఏం చెప్పినా "ఎస్ సిస్టర్" అనేవారు. ఆమె అటు తిరగగానే ఐలేశం దగ్గరకు ఉరికేవారు. పిల్లల్ని అనడానికి లేదు. మా వైపు పెద్దవాళ్ళు పని చెబితే తిరిగి అడగడం ఉండదు. పటేలు "ఆ కోడెను అటు కట్టు" అంటే ఎటు అని అడిగినవాడు మా వాడకట్టులో పుట్టలేదు. ఎటో ఒక దిక్కు కట్టేసి, తప్పయితే తిట్లు తినడం మేలు. అడిగితే ఎదురు మాట్లాడినట్టే. నేనూ లీలమ్మకు అదే చెప్పి పంపాను. దొరసాని ముందు నోరు తెరిచి తెల్వదనకు బిడ్డా అని.

వానాకాలం మొదలయ్యే సరికి ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని ఇంటికి పంపాలో సిస్టరమ్మ తేలుస్తుందని ఐలేశమే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

*

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా పెనిమిటి భిక్షం వచ్చాడు. ఆత్మకూరు దగ్గర మా ఊళ్ళో పటేలు ఇంట్లో అతను జీతం ఉండేవాడు. ఎడ్లను, కోడెలను చూసేది అతనే. వచ్చినవాడు నీళ్ళు తాగలేదు, వేపచెట్టు నీడలో తుండుగుడ్డ మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం.

"ఏమైంది? కోడె పొడిసిందా?"

"కోడె లేదు, ఏం లేదు. పటేలమ్మ అడుగుతాంది."

"ఏమని?"

"లీలమ్మ సదువు ఒడిసెనా అని. ఇంట్ల పనికి పంపుమంటాంది. రాత్రి పండుడు సుత ఆడనే అంట."

"నువ్వేమన్నవు?"

"సిత్తం అన్న."

"సిత్తమా! నీ నోరు పడిపోను, సిత్తమెట్లంటివయ్యా?"

"మరేమనాలె? దవాఖానల పెట్టుకున్నరమ్మా అని సుత అన్న. పెట్టుకున్నరా, ఇంక సూస్తున్నరా అన్నది. సూస్తున్నరు అన్న. అయితే వాళ్ళు ఎల్లగొట్టినంక వానలల్ల పంపు అన్నది."

మా ఆడబిడ్డ కూతురు బిక్షమ్మ ఆ ఇంట్లో ఒక పంటకాలం పని చేసింది. వెళ్ళేటప్పుడు వాగు దాటుతూ పాటలు పాడుకుంటూ వెళ్ళిన పిల్ల. తిరిగి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, ఇప్పటికీ పిట్టగోడ పక్కన కూర్చుని మట్టి గీకుతుంది. పటేలుకు పెళ్ళి కాని కొడుకులు ఇద్దరు. ఇంతకంటే నేను రాయను.

"బిడ్డకు చెప్పకు" అన్నాను.

"చెప్పొద్దా?"

"చెప్పకు. గుండె పలుగుతది."

కానీ దుప్పట్ల కుండ దగ్గర లీలమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో. కట్టె తీసుకుని దుప్పట్లు కలియబెట్టింది.

*

ఆ మరునాటి నుంచి నేనే ఇంగ్లీషు ఏరుకు రావడం మొదలుపెట్టాను. ఆయాను ఎవరు చూస్తారు? సిస్టరమ్మ ఏ మంచం దగ్గర ఏమన్నదో చెవిలో పెట్టుకునేదాన్ని. ఆ వెంటనే ఐలేశం చేతులు ఏం చేశాయో చూసేదాన్ని. మాట, పని రెండూ కలిపి మోసుకెళ్ళి, మధ్యాహ్నం బట్టలు ఉతికే బండ మీద లీలమ్మకు చెప్పేదాన్ని.

"పొద్దున ఆ ముసలాయన కాడ 'త్రో అప్' అన్నది. ఐలేశమన్న బక్కెట్టు తెచ్చిండు."

"త్రో అంటే ఇసురుడమ్మా. అప్ అంటే మీదికి."

"మీదికి ఇసరలే. కక్కిండు."

"కక్కుడుకు ఇసురుడు ఎట్లయితది?" అని నా బిడ్డ ఏడుపు గొంతుతో అడిగింది. "ఒక్కొక్క ముక్క నాకు తెల్సు. కలిస్తే తెల్వది. నాకు రాదు, నన్ను ఎల్లగొడ్తరు."

నాకు అప్పుడు ఎందుకు తోచిందో తెలియదు. చేతిలో దుప్పటి పిండుతూ అడిగాను.

"పోయిన వానలల్ల వాగుల బండి ఏమైంది?"

"కొట్టుకపోయింది."

"ఎవలు కొట్టిండ్రు?"

"ఎవ్వలు కొట్టలే. వరద."

"వరద కొడ్తదా కట్టె పట్టుకుని? మంచం కోడు ఏమైంది?"

"ఇరిగిపోయింది."

"ఇరిగి ఏడికి పోయింది?"

లీలమ్మ చేతులు ఆగాయి. "ఏడికి పోలే. ఆడనే ఉంది."

"కడుపుల నుంచి తన్నుకొచ్చింది అంటం. కడుపుకు కాళ్ళున్నయా తన్నెతందుకు?"

అప్పుడు నవ్వింది. ఆ ఎండాకాలంలో నా బిడ్డ నవ్వగా చూడటం అదే మొదలు. "మనది సుత గిట్లనే ఉందా అమ్మా?"

"గిట్లనే ఉంది. నిన్ను కనంగనే నేను ముక్కలు తీసి చెప్పిననా? పోయింది, వచ్చింది, పడ్డది అనుకుంట ఉంటిని, నువ్వు ఇనుకుంట ఉంటివి. వాళ్ళ మాటను సుత ముక్కలు చేయకు. నిండుగ పట్టుకో, ఆ మాట అన్నప్పుడు ఏం పని జరిగిందో గది పట్టుకో."

అట్లా కొన్ని దొరికాయి. 'హ్యాంగ్ ఆన్' అంటే వేలాడటం కాదు, జర ఆగమని. 'కమ్ రౌండ్' అంటే గుండ్రంగా రావడం కాదు, సోయికి రావడం, తెలివి రావడం. 'గివ్ అప్' అంటే ఇంక మన చేతిలో లేదని వదిలేయడం. ఆ మాట నాకు చెప్పకుండానే అర్థమైంది. సిస్టరమ్మ దాన్ని ఒక పసిపిల్ల మంచం దగ్గర, తల అడ్డంగా ఊపుతూ "నో, వి డోంట్ గివ్ అప్" అన్నది.

కొన్ని ఎంత గుంజినా దొరకలేదు. ఒక్క పుట్ అనే మాటకే ఎన్ని తోకలో. పుట్ ఆన్ అంటే తొడుక్కో. పుట్ అవుట్ అంటే దీపం ఆర్పు. పుట్ ఆఫ్ అంటే ఒకనాడు రేపటికి వాయిదా వెయ్యడం, ఇంకోనాడు ఇంకేదో. ఒకటి నేర్చుకుంటే నిన్నటిది జారేది. లీలమ్మ నిద్రలో కూడా పుట్, పుట్ అని కలవరించేది. నేను మోకాళ్ళ మీద ఉండి, దేవా, నువ్వు బాబెలు గోపురం కాడ భాషలు చిక్కుపెట్టినవు గదా, గీ ఒక్క పిల్ల కోసం జర విప్పు అని అడిగేదాన్ని.

*

ఎండలు ముదిరాక గత్తర వచ్చింది, సిస్టరమ్మ కలరా అనేది. కృష్ణ ఒడ్డు ఊళ్ళ నుంచి మొదలై, బండ్ల మీద, మంచాల మీద, భుజాల మీద మనుషుల్ని మోసుకొచ్చారు. మంచాలు చాలక వరండాలో చాపలు వేశాం. కళ్ళు లోపలికి పోయి, వేళ్ళ తోలు ముడతలు పడి, నీళ్ళు నీళ్ళని గొణిగే మనుషులు. ఎటు చూసినా సున్నం వాసన. గాజు సీసాలు మేకులకు వేలాడేవి, వాటి నుంచి రబ్బరు గొట్టాలు చేతుల్లోకి. ఆ ఉప్పునీళ్ళు నరంలోకి పోతున్నంత సేపు మనిషి మనిషిగా ఉన్నట్టు.

సిస్టరమ్మ నిద్ర మానేసింది. నిద్ర లేనికొద్దీ మాట ఇంకా వడి అయింది. పిల్లలు "ఎస్ సిస్టర్, ఎస్ సిస్టర్" అంటూ ఐలేశం వెంట పడేవారు. అతను ఒక్కడు, మంచాలు ఎన్నో.

ఒక మధ్యాహ్నం సుక్కమ్మ అనే ఆమె మంచం దగ్గర సిస్టరమ్మ, అండాలు అనే పిల్లకు ఏదో చెప్పింది. అండాలు లీలమ్మతో పాటు చేరిన పిల్ల. "ఎస్ సిస్టర్" అన్నది. ఐలేశం వరండాలో ఎక్కడో ఉన్నాడు. అండాలు అతన్ని వెతుక్కుంటూ పోయింది. ఆ లోపల ఇంకొకరు పిలిచారు, ఇంకొక బక్కెట్టు, ఇంకొక బండి. సుక్కమ్మ సీసా ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ చూడలేదు. పొద్దు వాలక ముందే ఆమె పోయింది. నిండుగా నీళ్ళు పోసినా బతికేదో లేదో. ఆమె మొగుడు వచ్చి, "పొద్దున మాట్లాడింది గదమ్మా, కోడిని గంప కింద కమ్మినవా అని అడిగింది గదా" అని నన్నే మళ్ళీ మళ్ళీ అడిగాడు. అవునయ్యా, అడిగింది అన్నాను.

సిస్టరమ్మ పిల్లల్ని వరుసగా నిలబెట్టింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. ఆ ఒక్కసారి అందరికీ అర్థమైంది. చెప్పిన పని ఇంకొకసారి జరగకపోతే ఆ పిల్ల ఆ రోజే ఇంటికి. అర్థమైందా?

"ఎస్ సిస్టర్" అన్నారందరూ. అండాలు కూడా.

నా కళ్ళ ముందు పటేలు గడప కనిపించింది.

*

వారం తిరగకుండా ఐలేశానికి సోకింది. పొద్దున నాతో పరాచికాలాడినవాడు, "మారెమ్మా, నీకు ఇంగ్లీషు వస్తాందట గద, రేపు నన్ను దేఖవు, మిస్ మార్త అని పిలువుమంటవు" అన్నవాడు, అన్నం వేళకు గోడ పట్టుకుని కూలబడ్డాడు. మేమే చాప మీద వేశాం. సాయంత్రం దాకా కూడా ఆగలేదు రోగం, ముఖం పీక్కుపోయింది. సిస్టరమ్మ తానే సూది గుచ్చి, సీసా తగిలించింది. అప్పుడే వాకిట్లోకి ఇంకో రెండు బండ్లు వచ్చాయి. బయటి నుంచి అరుపులు. ఆమె లేచి, రబ్బరు గొట్టం మీది మరను చూపిస్తూ, పిల్లలతో గబగబా అన్నది. నేను పక్కనే నేల కడుగుతున్నాను. ఆ మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "ఈజ్ ఆఫ్ వన్స్ హీ పిక్స్ అప్, బట్ ఇఫ్ హీ స్లిప్స్ బ్యాక్, ఓపెన్ ఇట్ రైట్ అప్."

"ఎస్ సిస్టర్" అన్నారు అండాలు, మిగిలిన పిల్లలు.

అని, అలవాటుగా ఐలేశం వైపు చూశారు. ఐలేశం కళ్ళు తేలేసి ఉన్నాడు.

సిస్టరమ్మ గుమ్మం దాకా పోయింది.

"నో సిస్టర్" అన్నది లీలమ్మ.

ఆమె ఆగింది.

"నో సిస్టర్. ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ షో మీ."

ఒక్క క్షణంలో నేను అన్నీ చూశాను, మూట కట్టుకోవడం, ఆత్మకూరు బాట, వాగు, పటేలమ్మ వాకిలి. ఉరికిపోయి దొరసాని కాళ్ళ ముందు పడ్డాను. "నీ బాంచన్ సిస్టరమ్మా, దానికి తెల్సు, అన్నీ తెల్సు, భయానికి తెల్వదన్నది. ఎస్ అను బిడ్డా, ఎస్ అని అను."

"అమ్మా, నువ్వు ఊకో" అన్నది లీలమ్మ. కోపంగా కాదు. మంచం మీద పడుకున్న పసిపిల్లతో అన్నట్టు. "మామ చస్తడు."

సిస్టరమ్మ ముఖం ముక్కు కంటే ఎర్రబడింది. అండాలు వైపు తిరిగి అడిగింది, నీకు అర్థమైందా అని. "ఎస్ సిస్టర్." అయితే చేసి చూపించు. అండాలు మర దగ్గరకు పోయి, చెయ్యి పెట్టి, అటు తిప్పాలో ఇటు తిప్పాలో తెలియక అలాగే ఉండిపోయి, ఏడ్చింది. ఆ పక్క పిల్లను అడిగింది. ఆమె నేల చూసింది. వాకిట్లో బండి ఎడ్ల గంటలు వినిపిస్తున్నాయి.

డాల్టన్ సిస్టరమ్మ కూర్చోగా అంతకు ముందు నేను చూడలేదు. ఐలేశం చాప పక్కన, నేను కడిగిన తడి నేల మీదే కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచి ఆమె చెప్పిన వాటిలో ఎన్ని ఈ పిల్లలకు తెలియలేదో లెక్కవేస్తున్నట్టు వార్డంతా చూసింది. తర్వాత లీలమ్మ వేళ్ళు పట్టుకుని ఐలేశం మణికట్టు మీద పెట్టింది. నాడి తగిలితే, గట్టిపడితే, "పిక్స్ అప్" అని, మరను కొంచెం బిగించి "ఈజ్ ఆఫ్" అన్నది. నాడి జారిపోతే "స్లిప్స్ బ్యాక్" అని, మరను పూర్తిగా తెరిచి "ఓపెన్ అప్" అన్నది. లీలమ్మ చేత చేయించింది. అండాలు చేత చేయించింది. అందరి చేతా చేయించింది. అప్పుడు లేచి బండ్ల దగ్గరకు పోయింది. లీలమ్మను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను చంపింది. కోపం వెంటనే తీర్చుకునేవాళ్ళంటే నాకు అంత భయం లేదు.

మరునాడు ఎండ వరండా దాటే వేళకు ఐలేశం కనురెప్పలు కదిలాయి. లీలమ్మ మణికట్టు వదలకుండా, వార్డు ఆ చివర ఉన్న సిస్టరమ్మకు గట్టిగా చెప్పింది. "సిస్టర్! హీ ఈజ్ కమింగ్ రౌండ్!"

ఎవరినీ అడగలేదు. దానంతట అది వచ్చింది ఆ మాట. సిస్టరమ్మ ఉరికొచ్చింది.

ఐలేశం పెదవులు తడుపుకుని, మొదట అన్న మాట, "నా మీదనే నేర్సుకుంటున్నరా ఇంగ్లీషు?"

రెండు రోజుల తర్వాత గంజి తాగుతూ నాతో మెల్లగా అన్నాడు. "మారెమ్మా, ఎవరికి చెప్పకు. నాకు సుత సగమే తెల్సు. ఆమె చెయ్యి ఎటు పోతదో సూసి అందాజ చేస్తుంటి."

"మరి గిన్ని రోజులు పిల్లలకు చెప్తివి గద!"

"అడిగిండ్రు, చెప్పిన. తెల్వదంటే ఇజ్జతేముంటది?"

ఇన్ని మంచాలు, ఇన్ని సీసాలు, ఆ అందాజ మీద నడిచాయి.

*

మొదటి వాన పడ్డాక గత్తర తగ్గింది. సిస్టరమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచే రోజు వచ్చింది. తెలియదని అందరి ముందు నోరు విప్పి చెప్పింది నా బిడ్డ ఒక్కతే. మిగిలినవాళ్ళు ఎంత తెలియకపోయినా ఎస్ అన్నవాళ్ళే. ఎవరిని పంపుతారో నాకు అనుమానం లేదు. లీలమ్మ లోపలికి పోగానే నేను దాని రెండు లంగాలు, దువ్వెన, బైబిలు తీసి మూట కట్టాను. భిక్షం కూడా వచ్చాడు, గొంగడి కొప్పెర వేసుకుని, వేపచెట్టు కింద తడుస్తూ. పటేలమ్మ పంపింది. పిల్లను వెంటబెట్టుకు రమ్మని.

లీలమ్మ చాలా సేపటికి వచ్చింది. మూట చూసింది, నన్ను చూసింది.

"ఏమన్నది?"

"సగం సమజైంది. సగం కాలే."

"ఓ దేవుడా."

"కానిది మళ్ల అడిగిన."

"మళ్ల అడిగినవా! కోపం రాలేదా?"

"మళ్ల చెప్పింది. ఉండుమన్నది. మూడేండ్లు. అండాలును సుత ఉండుమన్నది. ఎస్ అనేముందు చేసి చూపియ్యాలెనట, అందరం, రోజూ."

మూట విప్పడానికి నా వేళ్ళు రాలేదు. ముడి అంత గట్టిగా వేశాను. లీలమ్మే విప్పుకుంది.

భిక్షానికి చెబితే ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. "మరి నేనేమని చెప్పాలె ఆడ?"

"జరమొచ్చిందని చెప్పు" అన్నాను. "గత్తర తగిలిందని చెప్పు. లేకుంటె కాలిరిగిందని."

"జరం తగ్గినంక పంపుమంటది."

"సచ్చిందని చెప్పు!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో.

"బాపూ" అన్నది లీలమ్మ. "రాదని చెప్పు. గంతే."

అతను బిడ్డ ముఖంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచి ఆ వాకిట్లో పెరిగినవాడు. ఆ వాకిట్లో అతని నోటి నుంచి ఆ రెండక్షరాలు ఎన్నడూ రాలేదు. తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని, గొంగడి సర్దుకుని, వానలో పోయాడు. వెళుతూ పెదవులు కదుపుతున్నాడు. అతను గేటు దాటినప్పటి నుంచి నేను నా బిడ్డ గురించి భయపడటం మానేసి అతని గురించి మొదలుపెట్టాను. చింతచెట్టుకు కట్టేసి కొడతారని, కోడెల పాకలో పడేస్తారని, వాగు పొంగిన రోజు చూసి ఏదైనా చేస్తారని. అతను లేకుండా ఆదివారం గడిచింది. ఆరాధనలో నేను పాట అందుకోలేకపోయాను.

ఆ తర్వాత ఒక రోజు ముసురులో, గేటు దగ్గర భిక్షం కనిపించాడు. భుజం మీద కర్ర, కర్రకు గిన్నె, చెంబు, తుండుగుడ్డ కట్టి ఉన్నాయి. అవి చూడగానే తెలిసింది, జీతం పోయిందని, ఇంక ఆ ఊళ్ళో మాకు నిలబడే జాగా లేదని. నేను ముందు అతని వెనక్కి పోయి వీపు చూశాను. దెబ్బలు లేవు. ముందుకు వచ్చి ముఖం చూశాను. కింది పెదవి చిట్లి ఉంది, రక్తం ఎండిపోయింది.

"చెప్పినవా?" అన్నాను.

"చెప్పిన."

"పటేలు ఏమన్నడు?"

"ఏందిరా అన్నవు, మళ్ల చెప్పు అన్నడు."

భిక్షం గొంగడి తీసి, రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు పిండాడు.

"మళ్ల చెప్పిన" అన్నాడు.